నేర్పడానికి వెళ్ళే వైద్యబృందాలకు కొన్ని తలకిందుల సలహాలు

సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని టాంజానియాకో మలావీకో నేపాల్‌కో వెళ్ళి, అక్కడి ఆసుపత్రి సిబ్బందికి రెండు వారాలు శిక్షణ ఇచ్చి వచ్చే డాక్టర్లూ నర్సులూ మనవాళ్ళలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళున్నారు, డల్లాస్ నుంచీ మాంచెస్టర్ నుంచీ వెళ్ళే తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ మంచి మనసు మీద నాకు ఏ సందేహమూ లేదు. నా పేచీ అంతా బయల్దేరేముందు వాళ్ళకు పెద్దలు చెప్పి పంపే మాటలతోనే. ఎక్కువమందికి నేర్పండి, మంచి యంత్రాలు పట్టుకెళ్ళండి, కష్టమైన కేసులు మీరే చేసి చూపించండి, వచ్చేటప్పుడు అందరికీ సర్టిఫికెట్లు ఇవ్వండి అంటారు. నేను చెప్పేవి వీటికి పూర్తిగా ఎదురు. చదవగానే ఇదేం విడ్డూరం అనిపిస్తుంది. అయినా ఒక్కొక్కటీ ఆలోచించే రాస్తున్నాను. పాటించమనే అడుగుతున్నాను.

మొట్టమొదటిది, ఎక్కువ నేర్పకండి. వారానికి మూడు నుంచి ఐదు నిమిషాలు నేర్పితే చాలు.

ఈ మాట గాలిలోంచి తీసి చెప్పడం లేదు. ఉత్తర టాంజానియాలో మన్యారా ప్రాంతంలో హైడమ్ అనే పల్లెటూళ్ళో ఒక ఆసుపత్రి ఉంది. నార్వే లూథరన్ మిషన్‌వాళ్ళు 1955లో మొదలుపెట్టింది. 2010లో అక్కడి కాన్పుల వార్డు సిబ్బందికి ఒక రోజు శిక్షణ ఇచ్చారు. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి ఎలా అందించాలో నేర్పే శిక్షణ అది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మరికొందరితో కలిసి తయారుచేసింది. పాఠం చాలా చిన్నది. బిడ్డను పొడిబట్టతో తుడవాలి, వెచ్చగా ఉంచాలి, వీపు రుద్ది కదిలించాలి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే, పుట్టిన నిమిషంలోపే, చేత్తో నొక్కి గాలి పంపే ఆంబు బ్యాగ్ మాస్కును ముక్కు మీదా నోటి మీదా బిగించి గాలి అందించాలి. సాధన కోసం నార్వేకి చెందిన లేర్డల్ సంస్థ ఒక బొమ్మను తయారుచేసింది. దాన్ని గోరువెచ్చని నీళ్ళతో నింపితే చేతిలో నిజం బిడ్డంత బరువుగా ఉంటుంది. మాస్కు సరిగ్గా పడితేనే దాని ఛాతీ పైకి లేస్తుంది.

ఏడు నెలల తర్వాత పరీక్ష పెడితే, శిక్షణకు ముందుకంటే ఎంతో ఎక్కువమంది బొమ్మ మీద చక్కగా చేసి చూపించారు. అక్కడితో లెక్క ముగించి ఉంటే అది గొప్ప విజయం కిందే జమ అయ్యేది. హైడమ్‌లోని పరిశోధకులు అక్కడితో ఆగలేదు. నిజమైన కాన్పుల దగ్గర పరిశీలకులను నిలబెట్టి ఏం జరుగుతోందో రాయించారు. బొమ్మ దగ్గర వచ్చిన నేర్పు బిడ్డ దగ్గరికి వచ్చేసరికి కనిపించలేదు. పని జరిగే తీరు దాదాపు పాతలాగే ఉంది.

నేర్పడానికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి. మనం నేర్పే ఒక్క రోజు శిక్షణలన్నిటికీ చివర ఒక పరీక్ష పెడతాం. అందరూ పాసవుతారు. ఫోటో దిగి విమానం ఎక్కుతాం. ఆ పాస్ మార్కులకీ, తెల్లవారుజామున నీలంగా మారి పుట్టిన బిడ్డకీ మధ్య ఎంత దూరముందో హైడమ్ కొలిచి చూపించింది.

ఎందుకలా అవుతుంది? పుట్టిన నూరుమందిలో మాస్కుతో గాలి అందించాల్సిన అవసరం పడేది ముగ్గురి నుంచి ఆరుగురికే. కాన్పులు తక్కువున్న ఆసుపత్రిలో ఒక సిస్టర్‌కి అలాంటి బిడ్డ ఎదురై వారాలు దాటిపోతుంది. ఎదురైన రోజున పక్కన తల్లికి రక్తం పోతుంటుంది, సాయానికి ఇంకొకరుండరు, చేతులు వణుకుతాయి. భయంలో మనిషి పాత అలవాటునే పట్టుకుంటాడు. ఆ అలవాటు ప్రకారం మళ్ళీ మళ్ళీ సక్షన్ పెడతారు, పాదాలు తడతారు, బిడ్డను ఎత్తుకుని ఇంకో గదికి పరుగెడతారు. ఈలోగా నిమిషం దాటిపోతుంది. సిస్టర్‌కి తెలియక జరిగింది కాదిది. తెలిసింది చేతికి ఎక్కలేదు, అంతే. వంట పుస్తకం చదివినంత మాత్రాన చేతికి ఉప్పు అందాజు రానట్టే.

2011లో హైడమ్‌వాళ్ళు పద్ధతి మార్చారు. బొమ్మను లెక్చర్ గదిలోంచి తీసి లేబర్ రూమ్‌లో పెట్టారు. వారానికి మూడు నుంచి ఐదు నిమిషాలు, డ్యూటీలోనే, ఎవరి చేతితో వాళ్ళు సాధన చేయాలి. నెలకోసారి కొంచెం ఎక్కువసేపు చేయాలి. చేయించేది అక్కడి సిబ్బందిలోనే ఆసక్తి ఉన్నవాళ్ళు. పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే పిల్లలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గారని 2015లో అచ్చయిన వాళ్ళ పరిశోధన చెబుతోంది. కొత్త యంత్రం రాలేదు, కొత్త డాక్టరూ రాలేదు. అదే పాఠం, అవే చేతులు.

కాబట్టి మీ పెట్టెలో నలభై స్లైడ్‌ల పాఠం ఉంటే ఇంట్లో వదిలేయండి. ఒకటే పని ఎంచుకోండి. అది ఆ వార్డులో ప్రతి వారం మీరు లేకుండా ఎలా సాగుతుందో కుదుర్చుకు రండి. మీ రెండు వారాల్లో పది విషయాలు నేర్పగలరని నాకు తెలుసు. నేర్పవద్దనే అంటున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడైతే అసలు ఏమీ నేర్పకండి. ఇంత ఖర్చుపెట్టి వెళ్ళి ఊరికే కూర్చోవాలా అని అడుగుతారు. కూర్చోండి, అదీ నైట్ డ్యూటీలో. రాత్రి రెండు గంటలకు లేబర్ రూమ్‌లో ఎంతమంది సిస్టర్లున్నారో, ఎంతమంది నొప్పులు పడుతున్నారో చూడండి. కరెంటు పోతే జనరేటర్ వేసే మనిషి ఎక్కడ పడుకున్నాడో, డీజిల్ ఉందో లేదో చూడండి. అప్పుడే పుట్టిన బిడ్డ ముఖానికి సరిపోయే సైజు మాస్కు ఉందా, పెద్దవాళ్ళదే ఉందా? వాడిన బ్యాగును ఎవరు కడుగుతారు, ఎక్కడ ఆరబెడతారు, తిరిగి ఎప్పటికి బల్ల దగ్గరికి వస్తుంది? ఇవన్నీ చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆంబు బ్యాగ్ ఉన్న అలమరా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

ఈ తాళంచెవి సంగతి ఆఫ్రికాలోనే కాదు, మన సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళెవరిని అడిగినా చెబుతారు. వస్తువు పోతే సంజాయిషీ రాయాలి, జీతంలో కోత పడుతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకని ఇన్‌చార్జ్ సిస్టర్ విలువైనవన్నీ లోపలపెట్టి తాళం వేసి సాయంత్రం ఇంటికి వెళ్తుంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఎంత గొప్ప శిక్షణ ఇచ్చినా ఆ తాళం తెరుచుకోదు. మేట్రన్‌తో కూర్చుని మాట్లాడి, బ్యాగును బల్ల పక్కన గోడకు తగిలించి ఉంచడానికీ, పోతే ఎవరి మీదా నింద వేయకుండా ఇంకొకటి ఇవ్వడానికీ ఒప్పందం కుదిర్చితే, అది వంద లెక్చర్ల పెట్టు. ఒక రాత్రి అక్కడ కూర్చోకపోతే అలాంటి తాళం ఒకటుందనే మీకు తెలియదు.

ఇక ఆపరేషన్ థియేటర్ సంగతి. కత్తి పట్టుకోకండి. పేరున్న సర్జన్‌కి ఈ మాట కష్టంగా ఉంటుంది. నలభై ఏళ్ళ నైపుణ్యం చేతిలో ఉంది, ఎదురుగా రోగులు బారులు తీరి ఉన్నారు, నేను చేస్తే పదిమందికి మేలు కదా అంటారు. ఆ పదిమందికి నిజంగా మేలే. కానీ పరాయి దేశపు డాక్టరు వచ్చాడని ఊరంతా తెలిసిన మరుక్షణం, ఆ ఊళ్ళో ఏడాది పొడుగునా ఆపరేషన్లు చేసే డాక్టరు తన జనం కళ్ళలో చిన్నబోతాడు. రోగులు ఆయన దగ్గరికి పోకుండా మీ రాక కోసం కాచుకుంటారు. కుట్టు చీము పట్టే ఎనిమిదో రోజుకో పదో రోజుకో మీరు విమానంలో ఉంటారు, దాన్ని సరిచేసేది ఆయనే. ఆయన చేయాలి, మీరు ఎదుటివైపు నిలబడి రిట్రాక్టర్ పట్టుకోవాలి. అడిగితే చెప్పాలి. ప్రాణం పోతోంది, చేయగలవాళ్ళు మీరు తప్ప ఎవరూ లేరంటే మాత్రం ఈ నియమం పక్కన పెట్టి చేయండి. అందులో రెండో మాట లేదు.

నేపాల్ కంటి వైద్యం కథ నాకు ఈ విషయంలో ఎప్పుడూ ధైర్యం ఇస్తుంది. ఆస్ట్రేలియా కంటి డాక్టర్ ఫ్రెడ్ హాలోస్ నేపాల్‌లో సందుక్ రుయిత్ అనే యువ డాక్టర్‌ను కలుసుకున్నారు. రుయిత్ సిడ్నీ వెళ్ళి ఆయన దగ్గర పనిచేసి, తిరిగి తన దేశం వచ్చేశారు. హాలోస్ 1993లో చనిపోయారు. ఆ మరుసటి ఏడు ఖాట్మండూలో తిల్‌గంగా కంటి కేంద్రం తెరుచుకుంది. శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సును అక్కడే తయారుచేయడం మొదలైంది. వంద డాలర్లు పైబడిన లెన్సు పది డాలర్లలోపుకు దిగింది. హాలోస్ నేపాల్‌లో ఎన్ని ఆపరేషన్లు చేశారో ఇవాళ ఎవరికీ పట్టదు. ఆయన పోయిన తర్వాత, ఆయన శిష్యుడి చేతిమీదుగా, ఆ శిష్యుడి శిష్యుల చేతులమీదుగా చూపు వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

డాక్టర్లకు నేర్పాలని పట్టుబట్టకండి. ఇది చాలా బృందాలు పొరపడే చోటు. మన దేశపు అలవాటుతో వెళ్ళి, జిల్లా ఆసుపత్రిలో ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళెవరని వెతుకుతారు. ఆఫ్రికాలో చాలాచోట్ల పల్లె ఆసుపత్రి భారం మోసేది డిగ్రీ డాక్టర్లు కారు. మొజాంబిక్ 1984లోనే, డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి ఆపరేషన్లు చేయడం నేర్పే చదువు మొదలుపెట్టింది. అక్కడి గ్రామీణ ఆసుపత్రుల్లో జరిగే పెద్ద కాన్పు ఆపరేషన్లలో నూటికి 92 వాళ్ళ చేతిమీదుగానే జరుగుతున్నాయని 2007లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఏడేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళలో అత్యధికులు ఇంకా జిల్లా ఆసుపత్రుల్లోనే ఉన్నారు. అదే కాలంలో అక్కడికి వేసిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. మలావీలో క్లినికల్ ఆఫీసర్లు, టాంజానియాలో అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్లు కూడా ఇలాంటివాళ్ళే. మీ ఆహ్వానాల్లో వీళ్ళ పేర్లుండవు, ముందు వరస కుర్చీలు వీళ్ళకు ఇవ్వరు. నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళకంటే కూడా ముందు, పరికరాలు కడిగే ఆయా దగ్గరికీ, స్టెరిలైజర్ నడిపే మనిషి దగ్గరికీ వెళ్ళండి. ఆ గదిలో నీటి ఆవిరి ఎంతసేపు పడుతోందో తెలియకుండా థియేటర్‌లో కుట్ల గురించి పాఠం చెప్పడం వృథా.

యంత్రాల విషయంలో నా సలహా కటువుగా ఉంటుంది. వెంట పట్టుకెళ్ళకండి. పేద దేశాల ఆసుపత్రుల్లోని వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయని స్థితిలో ఉన్నాయని 2011లో అచ్చయిన ఒక లెక్క. వాటిలో దానంగా వచ్చినవి బోలెడు. అమెరికాలో వాడి పంపిన యంత్రం 120 వోల్టులది, టాంజానియా గోడలో వచ్చేది 230. మధ్యలో సరైన ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే పెట్టిన మొదటి రోజే కాలిపోతుంది. కాలకపోయినా దాని ఫిల్టరు, దాని ట్యూబు, దాని బ్యాటరీ ఆ దేశంలో దొరకవు. మరమ్మతు పుస్తకం రాదు, వచ్చినా వేరే భాషలో ఉంటుంది. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌నే తీసుకోండి. గాలిలోంచి నత్రజనిని వేరుచేసి ఆక్సిజన్ ఇచ్చే మంచి యంత్రం, సిలిండర్ మోసుకురావలసిన పని లేదు. దాని వెనకవైపున్న దుమ్ము ఫిల్టర్‌ను తరచూ కడగాలి. కడగకపోతే వేడెక్కుతుంది, లోపలికి వెళ్ళే గాలి తగ్గుతుంది, గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంటుంది గానీ అందులో ఆక్సిజన్ పాలు పడిపోతుంది. బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. బిడ్డ మాత్రం నీలంగానే ఉంటాడు. ఇది నేర్పాల్సింది పిల్లల డాక్టరుకు కాదు, ఆ వార్డు ఊడ్చే మనిషికీ బయోమెడికల్ టెక్నీషియన్‌కీ.

అందుకే మీ బృందంలో ఒక సర్జన్ సీటు తగ్గించి, ఆ టికెట్టు మీద మంచి మెకానిక్‌ను తీసుకెళ్ళండి. గుంటూరులోనో వరంగల్‌లోనో స్టెబిలైజర్ విప్పి బిగించగలిగిన మనిషి, స్టోర్ రూమ్‌లో మూలపడ్డ యంత్రాల్లో ఎన్నో లేపి నిలబెడతాడు. వాటిలో చాలావాటి జబ్బు ఫ్యూజు, ప్లగ్గు, తెగిన వైరు, మూసుకుపోయిన ఫిల్టరు దగ్గరే ఉంటుంది. అతను అక్కడి టెక్నీషియన్ పక్కన కూర్చుని చేస్తే, అది శిక్షణ కూడా అవుతుంది. మినహాయింపుగా నేను ఒప్పుకునేది ఒకటుంది. మత్తులో ఉన్న రోగి రక్తంలో ఆక్సిజన్ చూపించే చిన్న పల్స్ ఆక్సీమీటర్. దాన్ని తక్కువ ధరకు, గట్టిగా తయారుచేయించి, శిక్షణతో కలిపి ఇవ్వడానికే 2011లో లైఫ్‌బాక్స్ అనే సంస్థ పుట్టింది. వస్తువునూ నేర్పడాన్నీ విడదీయకపోవడమే ఆ పద్ధతిలోని మంచితనం.

సర్టిఫికెట్లు, ఫోటోలు వద్దు. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకె మీ నివేదికలో రాయకండి. మూడు నెలల తర్వాత ఆ సిస్టర్లలో సగంమందిని మగవాళ్ళ వార్డుకో అవుట్‌పేషెంట్‌కో మార్చేస్తారు. అప్పుడు ఆ అంకె దేన్నీ లెక్కపెట్టదు.

లెక్క కావాలంటే కాన్పుల రిజిస్టర్ తెరవండి. అందులో ‘చనిపోయి పుట్టినది’ అని రాసిన వరసలు జాగ్రత్తగా చదవండి. టాంజానియాలో 8 ఆసుపత్రుల్లో, బిడ్డకు ఊపిరి అందించడం నేర్పే ఆ శిక్షణ కార్యక్రమాన్నే అమలుచేసి చూస్తే, 24 గంటల్లోపు చావులు 47 శాతం తగ్గాయి. దాంతోపాటు, కడుపులో చాలాముందే కాక కాన్పు సమయంలోనే చనిపోయినట్టు రాసే శిశువుల సంఖ్య కూడా 24 శాతం తగ్గింది. 2013లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. చనిపోయి పుట్టారని రాసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయి పుట్టలేదన్నమాట. గుండె కొట్టుకుంటూనే ఉంది, ఊపిరి మాత్రం మొదలుకాలేదు. ఎవరూ మాస్కు పెట్టి చూడలేదు. బట్టలో చుట్టి పక్కన పెట్టేశారు. నేర్పడానికి వెళ్ళే మనిషికి అన్నిటికంటే ముఖ్యమైన పుస్తకం ఆ రిజిస్టరే. మీరు వెళ్ళకముందు ఆరు నెలలూ, వచ్చేశాక ఆరు నెలలూ ఆ వరసలు పోల్చి చూడండి. మీ శిక్షణకు మార్కులు వేయాల్సింది అక్కడే.

ఇంకొక సలహా ఉంది, ఇది మీ ప్రయాణానికే ఎసరు పెడుతుంది. కుదిరినచోట మీరు వెళ్ళడం మానేసి, వాళ్ళను మన దగ్గరికి రప్పించండి. అక్కడి కరెంటు కోతలు, అక్కడి రోగుల రద్దీ, అక్కడి బడ్జెట్టు ఎలాంటివో బోస్టన్‌కంటే మదురైకీ హైదరాబాద్‌కీ బాగా తెలుసు. గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మదురైలో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, ఎన్నో దేశాల కంటి ఆసుపత్రుల సిబ్బందికి ఏళ్ళ తరబడి పని నేర్పుతోంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, లైబీరియా రాజధాని మన్రోవియాలో కంటి కేంద్రం నిలదొక్కుకోవడానికి తోడ్పడింది. అయితే రప్పించేటప్పుడు ఒక్క సర్జన్‌నే పిలవకండి. ఆయన పెద్ద కోరికలతో తిరిగివెళ్ళి, పాత బృందం మధ్య ఒంటరివాడైపోతాడు. ఆయనతో పనిచేసే సిస్టర్, లెక్కలు చూసే మేనేజర్, యంత్రాలు చూసే కుర్రవాడు, నలుగురూ కలిసి రావాలి.

ఇవన్నీ విన్నాక కూడా వెళ్ళాలనే ఉంటే, తప్పకుండా వెళ్ళండి. ఏటా ఒక కొత్త దేశం చూడాలన్న ఆశ మాత్రం వదులుకోండి. ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు, మళ్ళీ మళ్ళీ.

టికెట్టు కొనేముందు ఆ ఆసుపత్రి కాన్పుల వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌కి ఒక ఉత్తరం రాయండి. సూపరింటెండెంట్‌కి రాసేది వేరు, ఇది ఆమెకు ప్రత్యేకంగా. మేం వెళ్ళిపోయాక వారంవారం సాధన ఎవరు చేయిస్తారు, ఏ రోజు, ఏ డ్యూటీలో, ఏ బల్ల దగ్గర అని అడగండి. జవాబుగా ఒక మనిషి పేరు రాకపోతే ప్రయాణం వాయిదా వేసి, ఫోన్‌లో మాట్లాడుతూ ఉండండి. పేరు వస్తే, సాధన బొమ్మనూ, సరైన సైజు మాస్కులనూ ముందుగానే ఆమె పేరిట పంపించి, మీరు రావడానికి ఆమెకు ఏ నెల వీలుగా ఉంటుందో అడగండి.